ఐదేళ్లు కదలని డుకాటి 996ను రోడ్డెక్కించడానికి పట్టిన 97 రోజులు

ఇటలీ కంపెనీ డుకాటి చేసిన స్పోర్ట్స్ బైకు, 2000 తయారీ. మీటరు మీద 27,400 కి.మీ. ఐదేళ్లుగా ఒకే చోట నిలబడి ఉంది. జనవరి 11న నా చేతికి వచ్చింది, ఏప్రిల్ 18న మొదటిసారి నిజంగా నడిపాను. మధ్యలో 86 గంటల చేతి పని, మూడు పెద్ద నిరీక్షణలు. ఖర్చు బండి కొన్న ధరలో 31 శాతం అయింది. అందులో అందం కోసం పెట్టింది పదో వంతు కూడా లేదు. మిగిలిందంతా రబ్బరు, బెల్టులు, రాకర్లు (వాల్వులను కదిపే చిన్న మీటలు), తీగలు. ఇలాంటి బండి కొనబోయేవాళ్లు సైలెన్సర్ ఎంచుకునే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

జనవరి 11, సాయంత్రం

బండి దింపగానే స్టార్టర్ బటన్ నొక్కాలని చేయి లాగుతుంది. నొక్కకండి. "బెల్టులు మార్చి రెండు వేల కిలోమీటర్లే తిరిగింది" అని అమ్మినాయన చెప్పాడు, అబద్ధం చెప్పాడని నేననుకోను. కానీ ఇంజిన్‌తో పాటు వాల్వులను నడిపే ఈ టైమింగ్ బెల్టులకు 20,000 కి.మీ. లేదా రెండేళ్లు, ఏది ముందైతే అదే గడువు. ఐదేళ్లు ఒకే చోట ఆగితే పుల్లీల చుట్టూ వంగిన భాగం ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో బెల్టు పళ్లు జారితే వాల్వులు పిస్టన్‌కు తగలవచ్చు. అప్పుడు పోయేది ఒక్క బెల్టు కాదు, వాల్వులుండే ఇంజిన్ పై భాగం, అంటే మొత్తం హెడ్డు.

ఆ రాత్రి చేసింది ఒక్కటే, బ్యాటరీ తీగ ఊడదీయడం.

జనవరి 12 నుంచి 14: విప్పడం

బండి చుట్టూ ఉండే తొడుగు, ఫెయిరింగ్, పావు తిప్పుతో ఊడే స్క్రూలతో ఉంటుంది, పది నిమిషాల్లో వచ్చేస్తుంది. ఈ బండి గీసిన మాసిమో టాంబురిని పని చేసే మెకానిక్‌ను తలచుకుని గీశాడేమో అనిపిస్తుంది. ట్యాంకు ముందున్న లివర్ ఎత్తితే ట్యాంకు లేస్తుంది. ట్యాంకు అడుగు భాగమే ఎయిర్‌బాక్సుకు, అంటే ఇంజిన్‌కు గాలి అందించే పెట్టెకు, మూత. అందుకే ట్యాంకు ఎత్తిన మరుక్షణం ఇంజిన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ నోళ్లలో శుభ్రమైన గుడ్డలు కుక్కండి. చిన్న వాషర్ ఒకటి జారి పడితే దాన్ని బయటికి తీయడానికి ఒక రోజంతా పోతుంది.

ఈ ఇంజిన్‌కు రెండు సిలిండర్లు, ఒకటి నిలువు, ఒకటి ముందుకు పడుకుని ఉంటుంది. స్పార్క్ ప్లగ్గులు తీసేముందు ఆ పడుకుని ఉండే సిలిండర్ ప్లగ్గు గుంతలోకి గాలి కొట్టాలి. ముందు చక్రం విసిరే ఇసుకంతా అక్కడే చేరుతుంది. నా బండిలో అర చెంచాడు ఇసుక వచ్చింది. ప్లగ్గు ముందే విప్పి ఉంటే అదంతా సిలిండర్‌లోకి పోయేది.

తర్వాత ఒక్కో సిలిండర్‌లో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేశాను. పొద్దున వెనుక స్టాండు వేసి, ఆరో గేరులో పెట్టి, వెనుక చక్రాన్ని ముందుకు తిప్పే దిశలో చేత్తో మెల్లగా తిప్పాను. ఎక్కడా పట్టలేదు. మనసు కాస్త కుదుటపడింది.

ఆ కుదురు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ఆయిల్ దింపి లోపలి జల్లెడ ఫిల్టర్ బయటికి తీస్తే దాని మీద సన్నని వెండి పొరలు. అయస్కాంతానికి అంటలేదు. అల్యూమినియమే అయితే గోటితో వంచితే వంగాలి. ఇవి వంగకుండా టక్కున విరిగాయి, అంచులు పదునుగా ఉన్నాయి. అది రాకర్ల మీది క్రోమ్ పూత. సిలిండర్‌కు నాలుగు వాల్వులుండే ఈ డెస్మో (వాల్వును మూయడానికి కూడా రాకరే ఉండే) ఇంజిన్లకు ఈ జబ్బు ఉందని తెలిసినవాళ్లందరికీ తెలుసు. రాకర్‌ను నెట్టే క్యామ్ రుద్దుకునే చోట పూత పెచ్చులుగా లేచిపోతుంది. కొనేముందు ఆ జల్లెడ విప్పి చూపమని అడగడం మర్యాద తక్కువ కాదు. నేను అడగలేదు. ఖర్చులో అతి పెద్ద వాటా దానికే పోయింది.

జనవరి 15: మొదటి ఆర్డరు, 19 రోజులు ఎదురుచూపు

రెండు బెల్టులు, ప్లగ్గులు, ఆయిల్ ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్, ట్యాంకు లోపలి పైపులు, కూలెంటు గొట్టాలు, బ్రేకు కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) సీళ్లు, వాల్వు కవర్ గ్యాస్కెట్లు, రెండు టైర్లు. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 3112 అంటే 2012లో 31వ వారం. నా టైర్ల గాడులు కొత్తవాటిలా లోతుగానే ఉన్నాయి, రబ్బరు మాత్రం చెక్కలా మారిపోయింది. ముందు 120/70, వెనుక 190/50, రెండూ 17 అంగుళాలే.

ఈ 19 రోజులు చేతులు ఖాళీగా లేవు.

17 లీటర్ల ట్యాంకు ఇనుప రేకుతో చేసింది. ఖాళీగా నిలబెట్టడంతో అడుగున తుప్పు పట్టింది. లోపలి పంపు తీసి, తుప్పు కరిగించే ద్రావణం రెండు రాత్రులు నింపి పెట్టాను. ట్యాంకు లోపలి పైపుల గురించి గట్టిగా చెప్పాలి. మామూలు పెట్రోల్ పైపు లోపలి నుంచి వచ్చే పెట్రోలును తట్టుకుంటుంది కానీ పెట్రోల్‌లో మునిగి ఉండడాన్ని తట్టుకోదు. బయటి పొర ఉబ్బి, మెత్తబడి, చివరికి చీలుతుంది. చీలితే పంపు తోడిన పెట్రోలు తిరిగి ట్యాంకులోకే పోతుంది. బండి ఐడిల్‌లో బాగుంటుంది, యాక్సిలరేటర్ తిప్పితే చచ్చిపోతుంది. మునిగి ఉండే పనికే చేసిన పైపు అని దాని మీదే రాసి ఉంటుంది. అదే వేయాలి. నా ట్యాంకులో ఎవరో మామూలు పైపు వేసి వదిలేశారు.

ముందు కాలిపర్లలో నాలుగేసి పిస్టన్లు. ఒకవైపున రెండు కదలనేలేదు. వాటిని పట్టుకారుతో పీకితే గీతలు పడతాయి. కాలిపర్‌ను మళ్లీ గొట్టానికి బిగించి, వదులుగా ఉన్న పిస్టన్లను చెక్కముక్కతో ఆపి, బ్రేకు లివర్ నొక్కుతూ పోతే మొండివి వాటంతటవే బయటికి వచ్చాయి.

వెనుక హబ్బు దగ్గర పెద్ద జాగ్రత్త ఒకటి ఉంది. వెనుక చక్రాన్ని ఒకవైపు నుంచే పట్టే ఒంటి చేతి స్వింగార్మ్‌లో గుండ్రటి హబ్బును తిప్పితే చైను బిగుస్తుంది. దాన్ని పట్టి ఉంచేవి రెండు బిగింపు బోల్టులు. వాటిని అతిగా బిగిస్తే స్వింగార్మ్ లోపలి హబ్బును నొక్కేస్తుంది. తర్వాత చైను సరిచేద్దామని సడలిస్తే టంగుమని శబ్దం వస్తుంది, హబ్బు మాత్రం తిరగదు. అక్కడ టార్క్ పానా లేకుండా చేయి పెట్టకండి. రెండు బోల్టులనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకటి బిగించేసరికి రెండోది వదులవుతుంది.

ఫిబ్రవరి 3 నుంచి 8: వాల్వులు

ఎనిమిది వాల్వులు, పదహారు గ్యాపులు. వాల్వును తెరిచే రాకర్ ఒకటి, మూసే రాకర్ మరొకటి. తెరిచే వైపు కొలవడం సులువే, ఫీలర్ గేజి (మందం తెలిసిన పల్చని రేకు) ఆకును రాకర్‌కు, గ్యాపును సరిచేసే చిన్న బిళ్ల అయిన షిమ్ముకు మధ్య దూర్చాలి. మూసే వైపు గ్యాపు నేరుగా చిక్కదు. ముందు తెరిచే గ్యాపు కొలిచి రాసుకోవాలి. తర్వాత మూసే రాకర్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి పట్టి అదే చోట మళ్లీ కొలవాలి. రెండో అంకె లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది మూసే గ్యాపు. మొదటి వాల్వుకు నాకు గంట పట్టింది, చివరిదానికి పన్నెండు నిమిషాలు. ప్రతి కొలత మూడుసార్లు తీసుకోండి. ఫీలర్‌ను వంకరగా దూర్చితే రెండు మూడు శతాంశాలు ఎక్కువ తక్కువ వస్తాయి. మూసే వైపు ఉండాల్సిన గ్యాపే మిల్లీమీటరులో కొన్ని శతాంశాలు కాబట్టి ఆ తేడాతో లెక్కంతా తారుమారవుతుంది.

నిలువు సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వులు రెండింటికీ మూసే గ్యాపు 0.09, 0.11 వచ్చింది. షిమ్మును పట్టి ఉంచే అర్ధచంద్రాకార రింగులు నలిగిపోయాయి. ఇన్‌టేక్ వాల్వు ఒకదానికి గ్యాపే లేదు. గ్యాపు తక్కువైతే షిమ్మును అరగదీయవచ్చు. గాజు పలక మీద నీటితో వాడే గరుకు కాగితం పరిచి, షిమ్మును ఎనిమిది అంకె ఆకారంలో రుద్ది, ఇరవై రుద్దులకు ఒకసారి మైక్రోమీటర్ పెట్టాలి. గ్యాపు ఎక్కువైతే మాత్రం మందమైన షిమ్ము తెప్పించుకోవడం తప్ప దారి లేదు.

షిమ్ము తీసేటప్పుడు ఆ సిలిండర్ పిస్టన్ పైకొసన ఉండాలి. లేకపోతే అర్ధ రింగులు ఊడగానే వాల్వు సిలిండర్‌లోకి జారిపోతుంది. రింగులు చిటికెన వేలి గోరంత ఉంటాయి. ఆయిల్ కిందికి దిగే రంధ్రాలన్నిటినీ గుడ్డతో మూసి పెట్టాకే వాటి జోలికి వెళ్లాను.

ఇక రాకర్లు. అద్దం, టార్చి పెట్టి చూస్తే ఒక తెరిచే రాకర్ మీద బియ్యపుగింజంత మేర పూత లేచిపోయింది, పక్కదాని మీద అంచు మొదలైంది. రెండూ మార్చాలి. క్యామ్ మీద గీతలు లేకపోవడం అదృష్టమే. వేలిగోరు ఆడిస్తే ఎక్కడా తగలలేదు. షాఫ్టు చివరన ఉన్న మరలో పొడవాటి బోల్టు బిగించి నేరుగా లాగితే రాకర్ షాఫ్టు వస్తుంది. హెడ్డును వేడి గాలితో కాస్త వెచ్చబెడితే ఇంకా సులువు. పక్కవాటుగా లాగితే రంధ్రం పాడవుతుంది.

ఫిబ్రవరి 8 నుంచి మార్చి 4: 24 రోజులు

రెండు రాకర్లు, రెండు మూసే షిమ్ములు, ఎనిమిది వాల్వులకూ కొత్త అర్ధ రింగులు. ఆర్డరు పెట్టి కూర్చున్నాను. ఇదే కష్టకాలం. ఇంజిన్ తెరిచి ఉంది, భాగాలన్నీ సంచుల్లో ఉన్నాయి, అమ్మేద్దామా అన్న ఆలోచన రెండుసార్లు వచ్చింది. విప్పిన ప్రతి బోల్టునూ దాని చోటు పేరు రాసిన సంచిలో వేయడం ఈ 24 రోజుల తర్వాత ఎంత మేలు చేసిందో చెప్పలేను. అప్పటికి నా గుర్తులో ఒక్కటీ మిగల్లేదు.

మార్చి 4 నుంచి 8: బెల్టులు

బెల్టులను తిప్పే టైమింగ్ షాఫ్టు, పిస్టన్లు తిప్పే క్రాంకు రెండు చుట్లకు ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే క్రాంకు సరైన చోటికి వచ్చినట్టే కనిపించినా పుల్లీల చుక్కలు కలవకపోవచ్చు, ఇంకో చుట్టు తిప్పాలి. పాత బెల్టు తీసేముందు పుల్లీలకూ బెల్టుకూ తెల్ల రంగుతో గుర్తులు పెట్టి, గుర్తుల మధ్య పళ్లు లెక్కపెట్టి రాసుకున్నాను. ఆ లెక్కే కొత్త బెల్టు మీద వేసుకోవాలి. కొత్త బెల్టును మడవకూడదు, లోపలివైపు తిరగేయకూడదు, ఆయిల్ చేతులతో ముట్టుకోకూడదు.

బిగువును శబ్దంతో కొలిచాను. బెల్టును వేలితో మీటితే తీగలా మోగుతుంది. ఈ ఇంజిన్‌కు నేను పెట్టుకున్న లెక్క 110 హెర్ట్జ్, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు. గిటారు శ్రుతి చేసుకునే ఫోన్ యాప్ చాలు. గిటారు ఐదో తీగ మోగేది కూడా సరిగ్గా 110 దగ్గరే. మొదట 110 పెట్టాను. క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ మీటితే 98 చూపింది. బెల్టు పళ్లలో కూర్చోవడం వల్ల ఇలా జరుగుతుంది. మళ్లీ బిగించి, మళ్లీ తిప్పి, మూడోసారికి 109 దగ్గర నిలిచింది. చాలామంది మొదటి అంకె చూసి మూత వేసేస్తారు.

మార్చి 9: మొదటి స్టార్ట్

ప్లగ్గులు లేకుండా ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్ తిప్పాను. అప్పుడు ప్లగ్గులు బిగించి బటన్ నొక్కితే స్టార్టర్ నీరసంగా తిరిగి ఆగింది. బ్యాటరీ కొత్తదే. తప్పు తీగలది. బ్యాటరీ నుంచి స్టార్టర్‌కు, ఇంజిన్ నుంచి ఎర్తుకు పోయే తీగలు సన్నవి, చివర్లు పచ్చబడ్డాయి. వాటి చోట లావు తీగలు వేసి, ఎర్తు చోట రంగు గీకి బిగించాక మూడో చుట్టులో ఇంజిన్ అందుకుంది. నీరసమైన స్టార్టర్‌తో పదేపదే ప్రయత్నిస్తే ఇంజిన్ ఎదురు కొట్టి స్టార్టర్ క్లచ్ దెబ్బతింటుంది. అది ఇంజిన్ లోపలి పని.

ఆ శబ్దం విన్నప్పుడు కళ్లు చెమర్చాయి.

4,000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 12.6 వోల్టులే ఉన్నాయి. 13.5కు పైన ఉండాలి. ఆల్టర్నేటర్ నుంచి రెగ్యులేటర్‌కు వెళ్లే పసుపు తీగల కనెక్టర్ పట్టి చూస్తే ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగుకు తిరిగింది. దాన్ని కోసేసి తీగలను నేరుగా సోల్డర్ చేసి, కుంచించే గొట్టం వేశాను. 14.1 వచ్చింది.

థ్రాటిల్ బాడీలకు ఒక పూట. రెండింటినీ కలిపే కడ్డీ విప్పి, థ్రాటిల్ పూర్తిగా మూసినప్పుడు సెన్సార్‌ను 150 మిల్లీవోల్టులకు పెట్టాను. అంతకుముందు 210 ఉంది. తర్వాత వాక్యూమ్ గేజీలతో రెండు సిలిండర్లను సమం చేశాను. 3,000 ఆర్‌పీఎం దగ్గర ఈ బండ్లు కుదుపుతాయని అందరూ చెబుతారు కదా, ఆ కుదుపులో ముప్పాతిక భాగం ఇక్కడే పోయింది.

మార్చి 14 నుంచి 24: క్లచ్

తొలి 40 కి.మీ. తర్వాత న్యూట్రల్ పడలేదు. లివర్ పూర్తిగా పట్టినా బండి ముందుకు పాకుతోంది. ఎడమవైపు ముందు స్ప్రాకెట్ దగ్గర తడి ఉంది. లివర్ నుంచి వచ్చే ద్రవం ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్ మూడు బోల్టులతో ఉంటుంది, దాని సీలు పోయింది. కాస్త పెద్ద పిస్టన్ ఉన్న బయటి తయారీది తెప్పించాను, తొమ్మిది రోజులు పట్టింది. లివర్ స్పష్టంగా తేలికైంది. కానీ పెద్ద పిస్టన్ అంటే ప్లేట్లు విడిపోయే దూరం తగ్గుతుంది. లైనులో కొంచెం గాలి మిగిలినా న్యూట్రల్ దొరకదు. ఆ గాలి చివరి బుడగ ఎప్పుడూ పైన మాస్టర్ సిలిండర్ బోల్టు దగ్గరే దాక్కుంటుంది. కింద ఎంత తీసినా రాదు. పై బోల్టు దగ్గర గుడ్డ చుట్టి, లివర్ పట్టి, సడలించి బిగిస్తే వచ్చేసింది. పుష్‌రాడ్ ఓ-రింగులను కూడా అప్పుడే మార్చేయండి.

ఆయిల్‌లో మునగని ఈ పొడి క్లచ్ ప్లేట్లను తీసిన వరుసలోనే ఒక తీగకు గుచ్చి ఉంచాను. వాటిలో ఒక స్టీలు ప్లేటుకు కొద్దిగా పళ్లెంలాంటి వంపు, దాని మీద చుక్క గుర్తు ఉంటాయి. అది తప్పు చోట పడితే క్లచ్ ఒక్కసారిగా పట్టేస్తుంది. ప్లేట్లు కూర్చునే బాస్కెట్ చెవుల మీద గాడులు తక్కువ లోతే కాబట్టి ఆకురాయితో నునుపు చేసి ఊరుకున్నాను.

అప్పుడు మార్పులు

ముందు స్ప్రాకెట్ 15 పళ్లది తీసి 14 పళ్లది వేశాను. వెనుక 36 అలాగే ఉంది. నిష్పత్తి 2.40 నుంచి 2.57కు పెరిగింది. ఊళ్లో మొదటి గేరులో క్లచ్ నలిపే బాధ చాలా తగ్గింది. స్పీడోమీటర్ తీగ ముందు చక్రం నుంచి వస్తుంది కాబట్టి అంకెలు తప్పవు. పెట్టిన ఖర్చుకు ఇంత ఫలితం ఇచ్చిన మార్పు ఇంకొకటి లేదు.

సైలెన్సర్లు మార్చినప్పుడు ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టెలోని చిప్పును కూడా వాటికి సరిపడేది వేయాలి. లేకపోతే పెట్రోలు చాలక, యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపటపమంటుంది. చిప్పు ఒక కొసన చిన్న నొక్కు ఉంటుంది. అది సాకెట్ మీది నొక్కు వైపే రావాలి. తిరగేసి పెట్టి కరెంటు ఇస్తే చిప్పు కాలిపోతుంది.

స్టీరింగ్ తల కోణాన్ని 24.5 నుంచి 23.5 డిగ్రీలకు మార్చుకోవచ్చు. మార్చి చూశాను. వంపుల్లో త్వరగా తిరుగుతుంది, కానీ ఆ స్థితిలో హ్యాండిల్ లాక్ పనిచేయదు. రోడ్డు మీద ఆపి వెళ్లే బండికి అది కుదరదు, మళ్లీ 24.5కే తెచ్చాను. దాని బదులు నేను కూర్చున్నప్పుడు సస్పెన్షన్ కుంగేది ముందు 35, వెనుక 30 మి.మీ. వచ్చేలా స్ప్రింగులు సరిచేసుకున్నాను. మునుపటాయన నాకంటే చాలా బరువైన మనిషై ఉండాలి, వెనుక 14 మి.మీ. మాత్రమే కుంగేది.

బండి బరువు ఎత్తగానే తనంతట తానే మడిచేసుకునే సైడు స్టాండును మొదటి వారంలోనే తీసేశాను. హ్యాండిళ్లు మార్చితే చివరిదాకా తిప్పి చూసుకోండి. బొటనవేలు ఫెయిరింగ్‌కు మధ్య ఇరుక్కుంటుంది, అదీ ఇరుకులో బండి తిప్పుతున్నప్పుడే.

ఏప్రిల్ 18

210 కి.మీ. మణికట్లు 80 దగ్గర నొప్పి మొదలెట్టాయి. పొట్ట బిగించి ట్యాంకును మోకాళ్లతో పట్టుకుంటే తగ్గింది. నిదానంగా సాగే రద్దీలో ఇంజిన్ వేడి 100 డిగ్రీలు దాటింది, సీటు కింది పైపుల సెగ తొడలకు తగిలింది, ఫ్యాను తిరగ్గానే దిగింది. ఖాళీ రోడ్డు మీద 6,000 దాటాక ఆ ఇంజిన్ లాగే తీరుకు ఇన్నాళ్ల అలసట గుర్తు రాలేదు.

500 కి.మీ. దగ్గర ఆయిల్ మళ్లీ దింపి జల్లెడ తీశాను. ఆవగింజలో సగమంత పెచ్చులు రెండు ఉన్నాయి, పాత వాటి మిగులు. 1,000 దగ్గర మళ్లీ చూశాను. ఒక్కటీ లేదు. బెల్టులు వేసిన తేదీని ట్యాంకు కింద రంగుపెన్నుతో రాసి పెట్టాను.